విందును వితరణయు

క్రోయిడన్ నగరమున, జార్జి వీథియు నార్త్ ఎండు వీథియు కలిసికొను మూలలో, ఆర్చిబిషప్ జాన్ విట్‌గిఫ్టు 1596లో పునాది వేయించి 1599 నాటికి పూర్తి చేయించిన వృద్ధాశ్రమము ఎర్రని యిటుకగోడలతో నేటికిని నిలిచియున్నది. వీథిని వెడల్పు చేయుటకై దానిని కూలద్రోయవలెనని వచ్చిన ప్రయత్నమును 1923లో ప్రభువుల సభ అడ్డగించినది; నేడు ట్రాములు దాని ప్రక్కగా తిరిగి పోవుచుండును. ఆ మూలకు అనతిదూరమున నొక హోటలులో రోటరీ క్లబ్బు వార్షిక విందు ముగిసిన రాత్రి, ఆ క్లబ్బున చిరకాల సభ్యుడును, గుంటూరున వైద్యము చదివి యిచ్చటి ఆస్పత్రిలో ఉద్యోగము చేసి విరమించినవాడును అగు నొక మామయ్యకును, లెక్కల తనిఖీ వృత్తిగా గల ఆయన మేనకోడలికిని జరిగిన సంవాదమిది.

మేనకోడలు: మామయ్యా, నన్ను ఆదరముతో పిలిచితిరి, అందరికిని పరిచయము చేసితిరి. అయినను నా మనస్సున నున్నదానిని దాచుట మీ యెడ గౌరవము కాదు. ఈ రాత్రి నిండుసభ భోజనము చేసినది, పాటలు పాడిరి, నృత్యము జరిగినది, ర్యాఫిల్ టిక్కెట్లు బల్లబల్లకును తిరిగినవి. కడపట అధ్యక్షులవారు మెడలో హారముతో నిలిచి, సేవకు ఇంత ధనము సమకూడినదని ప్రకటించిరి. హోటలు వారికిని, వాద్యబృందమునకును, పూలకును పోయినదెంతయో ఎవరును ప్రకటింపలేదు. వచ్చినవారందరును ఇంటనే యుండి, టిక్కెట్టు వెల యంతయు ఫుడ్ బ్యాంకునకు పంపియుండినచో, పన్ను చెల్లించువారిచ్చిన ప్రతి పౌనుకును గిఫ్ట్ ఎయిడ్ పద్ధతి క్రింద ప్రభుత్వము మరి 25 పెన్నీలు చేర్చియుండెడిది. విందు టిక్కెట్టునకు ఆ సౌకర్యము లేదు. ఏలయన, భోజనము తిని యిచ్చిన సొమ్ము దానము కాదని యీ దేశపు పన్నుల శాఖ నిర్ణయము.

మామయ్య: ఆ నిర్ణయము న్యాయమైనదే, అమ్మాయీ. మేమును ఆ టిక్కెట్టును దానమని చెప్పుకొనము. రోటరీ యందైనను లయన్సు యందైనను క్లబ్బునకు రెండు ఖాతాలుండును: సభ్యుల చందాతోను భోజనపు సొమ్ముతోను నడచునది యొకటి, సేవకై ప్రజలిచ్చిన ధనమునకు వేరొకటి. డిసెంబరు చలిలో, అంగడి వాకిట, మూతకు ముద్రవేసిన బకెట్టున నొక వృద్ధురాలు వేసిన పౌనులో నుండి మా కాఫీకి ఒక్క పెన్నీ పోరాదు. ఈ రాత్రి మేము తిన్నది మా జేబుల సొమ్ముతో తిన్నదే. ర్యాఫిల్ బహుమతులు ఊరి వ్యాపారులు ఊరక యిచ్చినవి, దానిపై వచ్చినదంతయు రెండవ ఖాతాకు చేరినది. నీ వృత్తి యదియే కదా, ఏ సంవత్సరపు పుస్తకములైనను అడుగుము. కోశాధికారి నీ ముందుంచును.

మేనకోడలు: పుస్తకములు సరిగానే యుండునని నేనెరుగుదును, నా ప్రశ్న వానిని దాటినది. ఎవరి జేబుదైననేమి, ఆ సొమ్మును, ఆ రాత్రియు, ఆ శ్రమయు ఆకలిగొన్నవాని వద్దకు తిన్నగా పోవచ్చును కదా? మన డొక్కా సీతమ్మగారిని స్మరింపుడు. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ యిల్లాలికి క్లబ్బు లేదు, కార్యదర్శి లేడు, వార్షిక నివేదిక లేదు. గోదావరి పాయల నడుమ లంకలగన్నవరమున, పడవ దిగి వచ్చినవాడు ఎవడు, వేళ యెంత అని విచారింపక అన్నము పెట్టినది. అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరి, త్రోవలో ఆకలిచే డస్సిన పెండ్లివారు కొందరు ‘సీతమ్మగారి యిల్లు చేరినచో అన్నము దొరకును’ అని తమలో తామనుకొనుట విని, దర్శనము మాని, వారికంటె ముందుగా ఇల్లు చేరి పొయ్యి వెలిగించినదని మన సీమలో పెద్దలు చెప్పుదురు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సమయమున ఆమె ఛాయాచిత్రమును కోరి తెప్పించుకొన్నారనియు చెప్పుదురు. అది నిజమైనచో, ఆ చిత్రమును కోరినవారు పరులు. మీ సభలో అట్టతో చేసిన పెద్ద చెక్కును ఇరువురు చెరియొక వైపున పట్టుకొని ఫొటోగ్రాఫరు కొరకు ఎదురుచూచిరి. ఆ నిలుపుదల నాకు బాధ కలిగించినది.

మామయ్య: నీకు బాధ కలిగించినది నాకును ప్రియము కాదు. అయితే సీతమ్మగారి వంటి మనిషి ఏ నూరేండ్లకో యొకరు పుట్టుదురు, తల్లీ. ఆమె దయకు ఆదివారమని, సోమవారమని లేదు. వర్షము వచ్చినను, వరద వచ్చినను, ఇంట గింజ తరిగినను అది తరుగలేదు. నా దయ యట్టిది కాదు. ఒక దినమున పత్రికలో చిత్రము చూచి నా కన్ను చెమర్చును. మరునాడు పనిలో పడి మరచిపోవుదును. లోకమున నూటికి తొంబదితొమ్మండ్రు నావంటివారే. క్లబ్బు సీతమ్మగారి కొరకు పుట్టినది కాదు. వచ్చిపోవు దయ గల సామాన్యుని ప్రతివారమును పిలిచి కూర్చుండబెట్టి, వాడు మరచినదానిని వానికి జ్ఞప్తి చేయుటకు పుట్టినది.

దాని పుట్టుకను చూడుము. 1905 ఫిబ్రవరి 23వ తేదీ సాయంకాలమున షికాగో నగరమున పాల్ హారిస్ అను న్యాయవాది మరి ముగ్గురితో కూడి కూర్చుండినది లోకోద్ధరణకు కాదు. పల్లెలో పెరిగి మహానగరమునకు వచ్చినవాడు. వేలకొలది జనుల నడుమ స్నేహితుడు లేక, ఆదివారములు గడుపలేక, నలుగురిని ఒక చోట చేర్చినాడు. ఒకరి కార్యాలయము తరువాత నొకరి కార్యాలయమున సభ తిరుగుచుండుటచే రోటరీ యను పేరు వచ్చినది. రెండేండ్లకు, 1907లో, ఆ స్నేహితులే పురజనుల కొరకు సార్వజనిక మరుగుదొడ్లు కట్టింపవలెనని పూనుకొనిరి; అదియే వారి తొలి సేవ. 1917లో ఆర్చ్ క్లంఫ్ అను అధ్యక్షుడు లోకహితము కొరకు ఒక నిధి యుండవలెనని చెప్పినప్పుడు, దానికి చేరిన మొదటి విరాళము 26 డాలర్ల 50 సెంట్లు మాత్రమే. ఆ యేటనే మెల్విన్ జోన్సు లయన్స్ క్లబ్బులను కూర్చినాడు. 1925లో హెలెన్ కెల్లరు వారి మహాసభకు వచ్చి అంధుల పక్షమున నిలువుడని అర్థించిన తరువాత గదా కంటివైద్యము వారికి వ్రతమైనది. స్నేహము ముందు, సేవ వెనుక.

మేనకోడలు: ఆ స్నేహమునకు తలుపు లుండెడివి, మామయ్యా, ఆ మాటను కూడ చెప్పుడు. 1924లో మాంచెస్టరున మార్గరెట్ గోల్డింగు ఇన్నర్ వీల్ సంఘమును స్థాపించుటకు కారణమేమి? రోటరీ సభ్యుల భార్యలు సేవ చేయవచ్చును గాని సభ్యులు కారాదు. 1978లో కాలిఫోర్నియాలోని డ్వార్టే క్లబ్బువారు ముగ్గురు స్త్రీలను చేర్చుకొన్నందుకు ఆ క్లబ్బునే వెలివేసిరి. తగవు అమెరికా సుప్రీము కోర్టు వరకు పోయి, 1987లో తీర్పు వచ్చినది; 1989లో గాని మీ నిబంధనావళి మారలేదు. మైత్రిచే హృదయము విశాలమగుననుచున్నారు. ఎనుబది నాలుగేండ్ల మైత్రి తమ యింటి స్త్రీలను బల్లవద్ద కూర్చుండనీయునంత విశాలము కాలేదు.

మామయ్య: దానికి నాయొద్ద సమాధానము లేదు. న్యాయస్థానము చెప్పవలసి వచ్చుటయే సిగ్గుచేటు.

మేనకోడలు: ఇంకొకటి. మీరు చేయు గొప్ప పనులను విన్నపుడు, వాని భారమును మోసినవారెవరో నాకు తెలియవలెనని తోచును. ఈ రాత్రి పోలియోను గూర్చి ఉపన్యసించిరి. భారతదేశమున ఇల్లిల్లు తిరిగి, పసిపిల్లల నోట చుక్కలు వేసినవారు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు. అల్పవేతనముతో, ఎండలో, నడిచి పోయినవారు. ధనమున అధికభాగము ప్రభుత్వములదియు, గేట్సు ఫౌండేషను వంటి మహానిధులదియు. అట్లుండగా విజయగాథలో మీ క్లబ్బు పేరు ముందు వచ్చుట యెట్లు న్యాయము?

మామయ్య: చుక్కలు వేసిన చేతులకే మొదటి నమస్కారము, నేను వైద్యుడను, ఆ పని ఎంతటిదో నాకు తెలియును. నేను గుంటూరున చదువుకొను దినములలో పిల్లల వార్డున పోలియోతో కాలు చచ్చుబడిన బిడ్డ లేని వారము లేదు. అయినను వరుసను విచారింపుము. 1979లో ఫిలిప్పీన్సు దేశమున రోటరీవారు ఈ పనిని ఆరంభించిరి. 1985లో పోలియో ప్లస్ అను పేరుతో లోకమంతటికి విస్తరింపజేసిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ, యూనిసెఫ్ మొదలగువానితో కలిసి ప్రపంచ ఉద్యమముగా నడచినది 1988 నుండి. ఆ సంవత్సరము 125 దేశములలో ఏడాదికి 3,50,000 మంది పిల్లలు ఈ వ్యాధి వాతబడుచుండిరి. భారతదేశమున కడపటి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో నొక బాలికకు. 2014 మార్చి 27న భారతదేశము పోలియో రహితమని ప్రకటింపబడినది. ఈ పని ఆరంభము నుండి నేటి వరకు రోటరీ సమకూర్చినది 200 కోట్ల డాలర్లకు పైబడినది.

ప్రభుత్వములు మారినవి, మంత్రులు మారిరి, పత్రికలు ఈ సంగతిని మరచినవి. నలుబదేండ్లకు పైగా ఒకే పనిని పట్టి నిలుచుట దేని వలన సాధ్యమైనది? ఒక్క మహాదాత వలన కాదు. ప్రతి యూర ముప్పదిమంది, నలుబదిమంది, వారమువారమును కలిసి తినుచు, ‘ఈ యేడు పోలియోకు ఎంత?’ అని ఒకరినొకరు అడుగుకొనుట వలన. ఈ దేశమున రోటరీవారు ఉద్యానములలోను వీథుల వెంబడిని ఊదారంగు క్రోకస్ దుంపలను నాటుట చూచియుందువు. చుక్కలు వేసిన బిడ్డ చిటికెనవ్రేలికి పూయు సిరా రంగు అది. శీతకాలము తుదిని ఆ పూవులు పూచినపుడు దారిన పోవువాడు ఆగి యిదేమని అడుగును. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పుటకు మోకాళ్ళపై కూర్చుండి దుంపలు నాటినవాడొకడు కావలెను గదా.

మేనకోడలు: సరే, దీర్ఘకాలము పట్టి నిలుచుటకు సంఘము కావలెను, ఒప్పుకొందును. సంఘమునకు విందు కావలెనని మాత్రము సిద్ధింపలేదు. నేను ప్రతి మాసమును బ్యాంకు నుండి తనంతట తాను పోవునట్లు విరాళమును ఏర్పాటు చేసితిని. నా దయ వచ్చిపోవునదియే యైనను, ఆ ఏర్పాటు మరువదు. దానికి కోడిమాంసము వడ్డింపనక్కరలేదు.

మామయ్య: అది మంచి ఏర్పాటు, మానకుము. అయితే ధనము చేయలేని పనులు కొన్ని కలవు, వానినే నేను ముఖ్యముగా చెప్పదలచితిని. లయన్స్ క్లబ్బులవారు ఈ దేశమున ‘సీసాలో సందేశము’ అను నొక పనిని నడుపుచున్నారు. అరచేతిలో నిముడు ప్లాస్టిక్కు సీసా. దానిలో నొక కాగితము. ఒంటరిగా నుండు ముసలివారు తమకున్న వ్యాధులేవో, మ్రింగు మందులేవో, పడని మందులేవో, ఎవరికి కబురు చేయవలెనో ఆ కాగితమున వ్రాసి, సీసాను ఫ్రిజ్జులో పెట్టుదురు. ఆకుపచ్చని శిలువ గుర్తు గల చీటీని ఫ్రిజ్జుపై నొకటి, వీథి తలుపు లోపలివైపున నొకటి అంటింతురు. మనిషి స్పృహ తప్పి పడియున్నపుడు వచ్చిన అంబులెన్సువారు ఆ గుర్తును చూచి, తిన్నగా ఫ్రిజ్జు తెరతురు. ఎందుకు ఫ్రిజ్జనుకొందువు? ప్రతి యింటను అది యుండును, ఎక్కడ నున్నదో వెదకనక్కరలేదు. నేను ఎమర్జెన్సీ విభాగమున పనిచేసిన రాత్రులలో, మాటలాడలేని రోగి ఏ మందు మ్రింగుచున్నాడో తెలియక మేము పోగొట్టుకొన్న నిమిషములను తలచుకొన్నచో, ఆ సీసా విలువ నాకు తెలియును.

దాని వెల అత్యల్పము. సీసాలను కొనుటకు నీ బ్యాంకు ఏర్పాటు చాలును. కాని తలుపు తట్టి, ‘అమ్మా, లోనికి రావచ్చునా?’ అని అడిగి, కూర్చుండి, వణకు చేతితో ఆమె వ్రాయలేకపోయినచో తాను వ్రాసిపెట్టి, చీటీ అంటించి వచ్చువాడు బ్యాంకులో దొరకడు. వాడు తనకు పరిచయము లేని వీథిలో ఒంటరిగా పోడు. ప్రక్కన నిరువురు తోడుండినచో పోవును. ఆ తోడు ఎట్లు కుదురును? మొన్న గురువారము ఒక బల్లవద్ద కలిసి తినుటచే కుదురును.

మేనకోడలు: ఈ మాట నన్ను కదిలించినది. కాని దీనియందే నా భయమును కలదు. మీరు తలుపు తట్టి చేయుచున్న పని ఎవరిది? ఈ నగరము లండనులోని పెద్ద బరోలలో నొకటి. 2021 జనాభా లెక్కలలో 3,90,000 పైచిలుకు జనము. 2020 నవంబరులో ఇచ్చటి కౌన్సిలు తన ఆదాయవ్యయములు పొసగవని 114వ సెక్షను నోటీసు నిచ్చి, చట్టము విధించినవి తప్ప క్రొత్త ఖర్చులన్నిటిని ఆపినది. 2022లో మరల నిచ్చినది. అట్టి వేళ క్లబ్బులు బకెట్లు పట్టుకొని నిలుచుట, చేయవలసినవారు చేయకపోవుటను కప్పిపుచ్చుట కాదా?

మీరు ప్రతిదినము నడచు ఆడిస్కోంబునే చూడుడు. ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయము 1809 నుండి 1861 వరకు అచ్చట నుండెను. నేడు హావ్‌లాక్, ఔట్రం, కానింగు, క్లైడు, ఎల్గిన్ అను వీథుల పేర్లు మిగిలినవి. పదునైదేండ్ల బాలుడుగా ఆర్థర్ కాటన్ చదువుకొన్నది అచ్చటనే. ఆయన 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్ట వలన గోదావరి సీమలో ఎన్ని తరముల కడుపులు నిండినవి! అది రాజ్యము చేసిన పని, ప్రజల పన్నులతో జరిగిన పని. నూరు క్లబ్బులు నూరేండ్లు విందులు చేసి చందాలు కూర్చినను ఒక్క కాలువ త్రవ్వలేవు. నా పన్ను నేను చెల్లించుచున్నాను. ఆ పన్నుతో కాలువ త్రవ్వుమని రాజ్యమును నిలదీయుటయే నాకు ధర్మముగా తోచుచున్నది.

మామయ్య: నిలదీయుము, నేనును నీ ప్రక్కన నిలుతును. కాటను దొర పేరు చెప్పితివి గనుక, ఆ కథను కడవరకు చూతము. ఆనకట్ట దానంతటదియే రాలేదు. గుంటూరు సీమను పాడుచేసిన 1833 నాటి కరవు చూచిన తరువాతను, తీరమును ముంచిన తుపాను తరువాతను గాని కంపెనీవారికి మెలకువ రాలేదు. అప్పుడును ఆయన వాదించి, వ్రాసి, వేడి, సాధింపవలసి వచ్చెను. రాజ్యము మెలకువ పడులోపల చచ్చినవారి మాటేమి? ఇంకను చూడుము: ఆనకట్ట పూర్తియైనది 1852లో; అదే గోదావరి పాయల నడుమ సీతమ్మగారు అన్నము పెట్టినది ఆ తరువాతి దశాబ్దములలోనే. కాలువలలో నీరు పారుచుండగనే, పంట పండుచుండగనే, పడవ దిగిన బాటసారికి ఆకలి యుండెను. కాటను వచ్చినంత మాత్రమున సీతమ్మగారికి పని లేకపోలేదు. సీతమ్మగారున్నంత మాత్రమున కాటను అక్కరలేకపోలేదు. ఆ యిరువురి నడుమ నొక చోటు మిగిలియున్నది: రాజ్యమంత పెద్దది కాక, ఒక యిల్లాలి చేయంత మాత్రమును కాక, ఊరిలోని ఇరుగుపొరుగు కలిసి పట్టవలసిన చోటు. నా క్లబ్బు ఆ చోటనే యున్నదని నా నమ్మకము.

మేనకోడలు: ఇరుగుపొరుగనుచున్నారు. మన తెలుగు సంఘములును ఆ పనియే చేయుచున్నవి కదా? ఉగాదికి, సంక్రాంతికి కలిసికొందుము. విపత్తు వచ్చినపుడు స్వదేశమునకు చందాలు పంపుదుము. ఆ సభలలో నాకు పరాయితనము లేదు.

మామయ్య: 2005లో ఏర్పడిన లండను తెలుగు సంఘము మొదలగునవి మన పిల్లల నోట తెలుగు నిలుపుటకు చేయుచున్న కృషి నాకు పూజ్యము, పిలిచినపుడెల్ల నేనును పోవుదును. అయితే మనము నివసించునది క్రోయిడనులో. థారంటన్ హీతునను నార్బరీ యందును నా రోగులు తమిళులు, గుజరాతీలు, కరీబియను దీవులవారు, ఆంగ్లేయులు. ముప్పదియేండ్లు వారి నాడి చూచితిని. ఆస్పత్రి వెలుపల వారితో కలిసి కూర్చుండుటకు నాకు దొరకిన చోటు క్లబ్బొక్కటే. ఒక బల్లవద్ద జమైకా నుండి వచ్చిన విశ్రాంత నర్సు, సర్రే కౌంటీలో పుట్టిన తాపీమేస్త్రి, నేను. కలిసి క్రిస్మసు తాత బండిని వీథులవెంట నడపితిమి. ఆ మేస్త్రికి భార్య పోయినపుడు, ఆరు నెలలు అతనిని వంతులవారీగా భోజనమునకు పిలిచితిమి. మాటలాడలేని దినములలో మాటలాడక కూర్చుంటిమి. ఇది మా పుస్తకములలో ఏ ఖాతాలోను వ్రాయబడలేదు. తరువాతి డిసెంబరున అందరికంటె ముందు బకెట్టు పట్టుకొని వచ్చినవాడతడే.

మేనకోడలు: అది సత్యమైన స్నేహము, దానిని నేను కాదనను. ఒక్కటి మాత్రము అడుగుదును. మీ మేస్త్రి దుఃఖమునందును మీ బల్లవాడే, గనుక ఆదరము లభించినది. ఫుడ్ బ్యాంకు వాకిట సంచి పట్టుకొని నిలిచినవాడు మీ బల్లవద్ద ఎన్నడైనను కూర్చుండెనా? క్రిస్మసు దినములలో ఒంటరి వృద్ధులకు మీరు పెట్టు విందు సంగతి విన్నాను. ఆనాడు మీరు వడ్డింతురు, వారు తిందురు. మరునాడు వారెవరో, మీరెవరో. సీతమ్మగారి వాకిట తిన్నవాడు అతిథి. మీ సేవ పొందినవాడు లబ్ధిదారుడు. అతడు సభ్యుడు కావలెనన్నచో చందా యొకటి, వారమువారమును భోజనపు వెల యొకటి అడ్డము నిలుచును. అద్దె కట్టుటకే చాలని ఉద్యోగము గల నా యీడువారును దానిని దాటలేరు. మీ సభ్యుల తలలు నెరసిపోవుచుండగా, యువజనులు రాలేదని అధ్యక్షులవారు ఈ రాత్రి చింతించిరి. వారు రాకపోవుట కాదు, మామయ్యా. గడప ఎత్తుగా నున్నది.

మామయ్య కొంతసేపు ఉత్తరమీయలేదు. వాదమున ఓడినవాని మౌనము కాదది. ఆయన మనస్సున నున్న విషయమునే ఎదుటివారు పలికినపుడు కలుగు మౌనమని నాకు తోచినది. నా మట్టుకు, ఈ సంవాదమంతటిలో బరువైన మాట యిదియేనని తలచుచున్నాను; రెండు ఖాతాల నియమము దీనికి సమాధానము కాజాలదు.

మామయ్య: భోజనము తీసివేసినచో క్లబ్బు నిలువదని నేను నేటికిని నమ్ముచున్నాను. కాని దాని వెల అందరికిని ఒక్కటిగా నుండనక్కరలేదు, హోటలులోనే యుండనక్కరలేదు. 2016 నుండి సభలెప్పుడు, ఎట్లు జరుపవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము క్లబ్బులకు కలదు. కొందరు ఉదయమున టీతో సరిపెట్టుకొనుచున్నారు, కొందరు చర్చి హాలులో ఎవరి వంటకమును వారు తెచ్చుకొని పంచుకొనుచున్నారు. మా క్లబ్బున ఈ మాట పలుమారు వచ్చినది. హోటలునకు అలవాటు పడినవారు వాయిదా వేయుచు వచ్చిరి. ప్రతిపాదన వ్రాతమూలకముగా వచ్చినచో, మా నియమము ప్రకారము చర్చింపక తప్పదు.

మేనకోడలు: అయినచో నేను వ్రాసియిత్తును.

మామయ్య: సభ్యులు గానివారు ప్రతిపాదింపరాదు. నీవు చెప్పుము, నా పేర నేను వ్రాసియిత్తును. నాకు సమ్మతము కానిదున్నచో సభలోనే వాదింతును.

మేనకోడలు: మంచిది. మొదటిది: నెలలో రెండు సభలు హోటలు వెలుపల, వెల లేని చోట జరుగవలెను. రెండవది: ఫుడ్ బ్యాంకునకు వచ్చువారిని, వృద్ధుల విందునకు వచ్చువారిని ఆ సభలకు పిలువవలెను, వడ్డించుటకు కాదు, ఈ యేటి ధనము దేనికి పోవలెనో చెప్పుటకు. మూడవది: చందా చెల్లింపలేనివారికి మొదటి ఖాతా నుండియే సర్దుబాటు చేయవలెను, రెండవదానిని ముట్టరాదు.

మామయ్య: మూడవదానికి కోశాధికారి అంకెలు అడుగును. రేపు ఆదివారము, పుస్తకములు నా యింటనే యున్నవి. పది గంటలకు రమ్ము.